నవలలో నా జీవితం ఎంత ఉండవచ్చు? కర్నూలు అమ్మాయి ప్రశ్నకు నా జవాబు

ముందుగా ప్రశ్నను కుదించి ఇస్తున్నాను. అడిగిన అమ్మాయి కర్నూలులో ఉంటుంది, వయసు ఇరవై ఆరు. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీలోని వాళ్ల ఇల్లు మునిగింది. అప్పటికి ఆమెకు పదేళ్లు. ఆ ఏడాదే తండ్రి పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్లి, మళ్లీ ఇంటికి ఉండటానికి రాలేదు. దాన్నే నవలగా రాస్తోంది. నూట నలభై పేజీలయ్యాక రాత ఆగిపోయింది. ఆమె అడిగినవి మూడు: రచయిత్రి సొంత జీవితం నవలలో ఎంత ఉండవచ్చు? అమ్మ చదివితే ఏమవుతుంది? కథానాయిక నువ్వేనా అని స్నేహితులు ఇప్పటికే అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

సూటిగా చెబుతాను. మీ జీవితం నవలలో ఎంతైనా ఉండవచ్చు, జరిగింది జరిగిన వరుసలో మాత్రం ఉండనక్కర్లేదు. జీవితం నుంచి నవలకు నిజంగా పనికొచ్చేవి రెండు. మీ చేతులకూ ముక్కుకూ చెవులకూ తెలిసిన సంగతులు ఒకటి. మీలో ఇన్నేళ్లయినా తేలని లెక్క రెండోది. సంఘటనలు ఈ రెండింటినీ మోసుకొచ్చే బండి లాంటివి. బండిని మార్చుకోవచ్చు, సరుకును పారేసుకోకూడదు. మీ నవల ఆగిపోయిందంటే, బహుశా మీరు బండిని పట్టుకుని కూర్చున్నారు.

ఈ మాట ఎక్కడి నుంచి అంటున్నానో చెప్పాలి కదా. నేను అనంతపురంలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పాను. నాలుగు నవలలు రాశాను. కొత్తగా రాస్తున్నవాళ్ల రాతప్రతులు చాలా చదివాను. వాటిలో సగానికి పైగా మీ సమస్యతోనే ఆగిపోయినవి. నా మొదటి నవల కూడా అక్కడే ఆగింది.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. పదకొండు ఎకరాల మెట్ట. నేను డిగ్రీ చదివే రోజుల్లో నాన్న మూడు బోర్లు వేయించాడు, మూడూ ఎండిపోయాయి. మూడో బోరుకు అమ్మ కమ్మలు పోయాయి. 1994లో నేను రాసిన నవల అదే కథ: ఊరు అదే, బోర్లు మూడే, కమ్మలు అవే. అమ్మ పేరొక్కటి మార్చాను. రాస్తున్నప్పుడు రోజూ ఏడ్చాను కాబట్టి గొప్పగా వస్తోందనుకున్నాను. ఒక వారపత్రికకు పంపితే తిరిగి వచ్చింది. దాంతోపాటు సంపాదకుడు చేత్తో రాసిన చిన్న ఉత్తరం ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. సారాంశం ఇది: ఈ నవలలో తల్లి ప్రతి అధ్యాయంలోనూ బాధపడుతోంది. కూతురు కాలేజీకి వెళ్లిపోయాక ఆమె రోజంతా ఏం చేస్తుంది? మీకు తెలుసా?

నాకు తెలియదు. నేను చూసినంత మేరే అమ్మ నా నవలలో ఉంది. నేను ఇంట్లో లేని గంటల్లో ఆమె లేనట్టే. సొంత జీవితాన్ని యథాతథంగా రాసినప్పుడు వచ్చే అసలు లోపం ఇదే. అబద్ధం రాయం, అతిగా కూడా రాయం. కానీ మనం నిలబడి చూసిన గుమ్మం దగ్గరే కథ అంతా ఇరుక్కుపోతుంది. పదేళ్ల పిల్ల వరదను ఏ ఎత్తు నుంచి చూసిందో ఆ ఎత్తులోనే మీ నూట నలభై పేజీలూ ఉన్నాయేమో ఒకసారి చూడండి.

ఆ ఉత్తరం వచ్చాక వేసవి సెలవుల్లో ఇంటికి వెళ్లి అమ్మ వెనకాలే తిరిగాను. అది జూన్ ముందు కాలం. విత్తనానికి వేరుశనగ ఒలిచే రోజులు. మా వైపు బుడ్డలు అంటారు. తినడానికైతే మిషనులో కొట్టిస్తారు గానీ విత్తనానికి చేత్తోనే ఒలవాలి. గింజ బద్ద కాకూడదు, ఎర్రపొర చిట్లకూడదు, చిట్లితే మొలక సరిగా రాదు. పదిమంది ఆడవాళ్లు కుప్ప చుట్టూ కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒలుస్తారు. కూలి కొలతకు ఇంత అని ఉంటుంది. మూడో రోజుకు బొటనవేలి చర్మం పగులుతుంది. నాలుగో రోజు ఆ వేళ్లతో పప్పులో ఉప్పు వేయాలంటే చెంచా వెతుక్కోవాలి. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో పెరిగి, అమ్మ ఏ నెలలో చెంచా వాడుతుందో నేను గమనించలేదు. ఆ నెలంతా నేను పరీక్షలకు చదువుకుంటూ ఉండేదాన్ని.

అలా కూర్చున్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా ఇంట్లో బోర్ల కథ అంటే నాన్న మొండితనం కథ. బంధువులందరూ అలాగే చెప్పేవారు, నేను కూడా అలాగే రాశాను. మూడో బోరు వేయిద్దామని పట్టుబట్టింది అమ్మే. నాన్న వద్దన్నాడు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఒలిచే చోట మా పక్కింటి అవ్వ మామూలుగా అనేసింది. అమ్మ తల ఎత్తలేదు. నా లోపల ఇన్నేళ్లుగా ఉన్న లెక్క అక్కడ తారుమారయింది. నేను నాన్న మీద కోపంతో నవల రాశాను. ఆ కోపానికి ఆధారమే లేదు.

ఇక్కడొక పొరపాటు చాలామంది చేస్తారు, నేనూ చేయబోయాను. కొత్త నిజం దొరికింది కాబట్టి పాత నవలలో దాన్ని కలిపేయడం. నేను కూర్చుని తిరగరాశాను కూడా. నలభై పేజీల తర్వాత చెయ్యి ఆగింది. ప్రతి వాక్యం దగ్గరా అమ్మ ముఖం అడ్డొస్తోంది. ఇది రాయవచ్చా, ఇది చదివితే ఏమనుకుంటుంది అన్నదే ధ్యాస. అప్పుడు ఒక నిర్ణయం తీసుకున్నాను. ఒక్కటంటే ఒక్క మూల విషయం మార్చాలి, దాని వల్ల ఇంకేవేవి మారతాయో వాటి వెంట నడవాలి. కుటుంబాన్ని పొలం నుంచి తీసి ధర్మవరంలో మగ్గం మీద కూర్చోబెట్టాను.

మార్పు చిన్నదే అనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది. ధర్మవరంలో తెలిసినవాళ్ల ఇళ్లలో సెలవు రోజులన్నీ గడిపాను. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) ఎలా అతుకుతారు, దువ్వెన లాంటి అచ్చులోకి ఆ పోగులు ఎలా ఎక్కిస్తారు, ఇంట్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టే పని ఎన్ని గంటలు చేస్తారు, ఆ పనికి విడిగా కూలి లెక్క ఎందుకు ఉండదు, షావుకారు పట్టు ఇచ్చి చీర తీసుకునేటప్పుడు ఏ వంకతో కోత పెడతాడు, ఇవన్నీ చూశాను. చూస్తుండగా వాన మొదలైంది. నేను రైతు కూతుర్ని, వాన చూస్తే నాకు ఒళ్లంతా తేలికవుతుంది. నేను కూర్చున్న ఇంటి పెద్దాయన మాత్రం మగ్గం మీద నుంచి లేచి, గుంటలోకి దిగి చేత్తో తడిమి చూశాడు. గుంట మగ్గం అంటే నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని నేసేది. వాన ఎక్కువైతే అందులో నీరు ఊరుతుంది, పడుగుకు చెమ్మ పడుతుంది, పని ఆగుతుంది. వాన ఎన్ని రోజులైతే అన్ని రోజులు కూలి లేదు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వర్షం పడే జిల్లాలో పుట్టి, వాన అంటే భయపడే ఇల్లు ఉంటుందని నాకు తోచనే లేదు. నా నవల ఆ రోజు మొదలైంది. వానకోసం ఆకాశం చూసే భర్తను తీసేశాను. వాన వచ్చే సూచన కనిపించగానే గుంటలో పాత గోనెలు పరిచే భార్య వచ్చింది. మూడో బోరు వేయించమన్న మా అమ్మ పట్టుదల, రెండో మగ్గం కోసం అప్పు తెమ్మని భర్తను పోరే ఈ మనిషిలోకి వచ్చి కూర్చుంది. అందులో బోరు లేదు, కమ్మలు లేవు, మా ఊరు లేదు. మా అమ్మ మాత్రం మొదటి నవలలో కంటే ఇందులోనే ఎక్కువగా ఉంది.

ఇక అమ్మ చదివితే ఏమవుతుందన్న మీ భయం. మా అమ్మకు చదవడం రాదు. పుస్తకం వచ్చాక మా చెల్లెలు రోజూ రాత్రి కొంత చదివి వినిపించింది. రెండో మగ్గం అప్పు ఘట్టం వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ దాని గురించి ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి పేజీలో ఆ భార్య పొయ్యిలోకి బుడ్డల పొట్టు వేస్తుంది. అక్కడ ఆపమని, "కరువు ఏడు అన్నావు కదా, ఆ ఏడు పంటే లేదు, పొట్టు ఎక్కడిది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రెండో ముద్రణలో ఆ వాక్యం మార్చి, పొయ్యిలోకి కంప కట్టెలు పెట్టాను.

తన రహస్యం బయటపడిందని ఆమె బాధపడలేదు. తను బతికిన బతుకులో ఒక వస్తువు తప్పుచోట ఉండటం ఆమెకు సహించలేదు. అప్పటి నుంచి నాకొక నియమం: మనుషులను మార్చండి, ఊళ్లను మార్చండి, చావు పుట్టుకలను మార్చండి. పొయ్యిలోకి ఏం వెళ్తుందో, కుండలోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఏ నెలలో ఏ పని ఉంటుందో అది తప్పకూడదు.

ఈ సంగతి పెద్ద రచయిత్రులకూ ఎదురైంది. ఇంగ్లీషు రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌కు 1895లో తల్లి చనిపోయేనాటికి పదమూడేళ్లు. చిన్నప్పుడు ఆ కుటుంబం వేసవులన్నీ కార్న్‌వాల్ సముద్రతీరంలో గడిపింది. 1927లో ఆమె ఆ తల్లినీ తండ్రినీ ఆ వేసవులనూ ‘టు ది లైట్‌హౌస్’ నవలగా రాసింది, కానీ ఇంటిని అక్కడి నుంచి తీసి స్కాట్లండ్ వైపు స్కై ద్వీపంలో పెట్టింది. ఆ దీవుల్లో ఆ చెట్లూ ఆ పూలూ ఆ పక్షులూ ఉండవని ఒక పాఠకుడు ఆమెకు ఉత్తరం రాశాడు. మా అమ్మ పొట్టు గురించి అన్నట్టే. నవల విలువ దానివల్ల తగ్గలేదన్నది వేరే మాట. నాకు ఇందులో విలువైనది ఇంకొకటి. నలభై నాలుగేళ్ల వయసు దాకా తల్లి తన మనసును వదలలేదనీ, ఈ నవల రాశాక ఆమె గొంతు వినిపించడం, రూపం కనిపించడం ఆగిపోయాయనీ వుల్ఫ్ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. రాసేది బాధ నుంచి బయటపడటానికే అని నేను అనను. అందరికీ అలా జరగదు, నాకు జరగలేదు. కానీ ముప్పై ఏళ్లకు పైగా తేలని లెక్క మోస్తూ తిరిగిన మనిషే ఆ నవల రాయగలిగిందని మాత్రం అంటాను.

కాలం సంగతి కూడా చెప్పాలి. మీరు ఆగిపోవడానికి అదొక కారణం కావచ్చు. ఇంకో ఇంగ్లీషు రచయిత్రి షార్లెట్ బ్రాంటె 1842లో చెల్లెలితో కలిసి బ్రస్సెల్స్‌లోని ఒక బడికి వెళ్లింది. అక్కడే చదివింది, తర్వాత అక్కడే పాఠం చెప్పింది. పెళ్లయిన తన ఉపాధ్యాయుడి మీద మనసు పడి, ఆ బాధతోనే 1844 మొదట్లో ఇంటికి తిరిగి వచ్చింది. రెండేళ్లకే దాన్ని నవలగా రాసేసింది. చెప్పేది ఒక మగవాడైనట్టు మార్చింది గానీ, ఊరు అదే, బడి అదే. ఎంతమంది ప్రచురణకర్తలకు పంపినా తిప్పి పంపారు. ‘ది ప్రొఫెసర్’ అనే ఆ పుస్తకం ఆమె చనిపోయాక 1857లో గానీ అచ్చు కాలేదు. అదే బడినీ అదే ఒంటరితనాన్నీ ఆమె మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఈసారి ఊరికి పేరు కల్పించింది, దేశానికి కూడా పేరు కల్పించింది. కథ చెప్పేది ఒక ఆడమనిషి, అదీ పాఠకుల దగ్గర కూడా కొన్ని విషయాలు దాచుకునే మనిషి. 1853లో వచ్చిన ఆ ‘విల్లెట్’ను ఆమె రచనల్లో అన్నిటికంటే లోతైనదిగా చాలామంది చెబుతారు, నేనూ ఆ మాటే అంటాను. ఒకే అనుభవం, రెండు నవలలు. మొదటిదానికి రెండేళ్ల దూరం, రెండోదానికి దాదాపు పదేళ్ల దూరం. మొదటిదాంట్లో మార్పు పైపైన ఉంది. మగవాడి గొంతు ఆమెకు అవసరమై రాలేదు, దాక్కోవడానికి పెట్టుకుంది.

మీరు కూడా రాతప్రతిలో మార్చినవన్నీ ఒకసారి ఈ కంటితో చూసుకోండి. ఆ మార్పు కథకు కొత్త దారి తెరిచిందా, ఎవరూ గుర్తుపట్టకూడదని చేశారా? రెండో రకం మార్పులు నవలకు ఏ మేలూ చేయవు. చుట్టాలు ఎలాగూ గుర్తుపడతారు.

నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఒకరి గురించి చెబుతాను. ఆమె అనుమతి తీసుకున్నాను, కొన్ని వివరాలు మార్చాను. రాయచోటి దగ్గర పల్లె అమ్మాయి. కడప, రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్లు ఎందరో మీకు తెలుసు. ఈ అమ్మాయికి ఆరేళ్లప్పుడు తల్లి వెళ్లింది, పదిహేనేళ్లప్పుడు తిరిగి వచ్చింది. ఫోన్లు ఇంతగా లేని రోజుల్లో తల్లి మాటలు క్యాసెట్లో రికార్డు చేసి, ఊరికి వచ్చేవాళ్ల చేత పంపేది. రాతప్రతి రెండు వందల పేజీలు. అంతా కూతురు ఎదురు చూడటమే. క్యాసెట్ వినడం, ఏడవడం, ఇంకో క్యాసెట్ కోసం చూడటం. చదువుతుంటే జాలి కలుగుతుంది, యాభై పేజీల తర్వాత ఆ జాలి కూడా అలసిపోతుంది.

నేను ఆమెను అడిగింది ఒక్కటే. క్యాసెట్లో అమ్మ గొంతు వెనక ఏం వినిపించేది? ఆమె చాలాసేపు ఆలోచించి, ఒక చిన్నపిల్లాడి గొంతు అంది. ఎవరా పిల్లాడు? తెలియదు, ఎప్పుడూ అడగలేదు అంది. ఇంటికి వెళ్లి అడిగింది. ఆ ఇంట్లో తల్లి చేతుల్లో పెరిగిన బిడ్డ. పుట్టినప్పటి నుంచి తొమ్మిదేళ్లు ఆమే పెంచింది. తిరిగి వచ్చాక ఆమె చాలా రాత్రులు ఏడ్చింది ఆ పిల్లాడి కోసమట. అది విన్నాక ఈ అమ్మాయి ఆరు నెలలు కలం ముట్టలేదు. నాకు ఫోన్ చేసి, ఎందుకు అడగమన్నారు అని నిష్ఠూరమాడింది కూడా. ఆ తర్వాత తల్లి వైపు నుంచి మొదలుపెట్టి కొత్త నవల రాసింది. రెండు వందల పేజీల ఎదురుచూపు అందులో ఇరవై పేజీలకు కుదిరింది. ఆ ఇరవై పేజీలు చదువుతుంటే ఊపిరి ఆడదు, ఎందుకంటే అవతల ఏం జరుగుతోందో పాఠకుడికి తెలుసు, పిల్లకు తెలియదు. తేలని లెక్క అని నేను అంటున్నది ఇదే. "అమ్మ నన్ను వదిలి వెళ్లింది" అన్నది ఆమెకు ఎప్పుడో తేలిపోయింది, అందరికీ చెప్పుకుంది కూడా. అసలు లెక్క క్యాసెట్లో వెనకాల వినిపిస్తూనే ఉంది.

కథానాయిక నువ్వేనా అన్న ప్రశ్నకు వస్తాను. ఇది ఆడవాళ్లను అడిగినంతగా మగవాళ్లను అడగరు. అనంతపురంలో నా రెండో నవల మీద సభ జరిగినప్పుడు, ఒక పెద్దమనిషి లేచి "ఇది మీ ఇంటి కథేనా?" అని అడిగారు. అదే వేదిక మీద అదే రోజు ఒక రచయిత నవలలో తాగి భార్యను కొట్టే పాత్ర గురించి చర్చ జరిగింది. ఆయన్ని ఎవరూ అలా అడగలేదు. మగవాడు రాస్తే కల్పన, ఆడది రాస్తే ఇంటి గుట్టు అన్న అలవాటు పాఠకుల్లో ఇంకా ఉంది. దీనికి మీరు అవునని చెప్పనక్కర్లేదు, కాదని చెప్పనక్కర్లేదు. "అందులో మీకు ఎవరు కనిపించారు?" అని తిరిగి అడగండి. నేను అలాగే అడిగాను. ఆయన కొంచెంసేపు ఆగి, మా అక్క అన్నారు.

బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణా దేవి జీవితం ఈ విషయంలో నాకు ఎప్పుడూ ధైర్యం ఇస్తుంది. 1909లో కలకత్తాలో పుట్టింది. ఆడపిల్లలకు బడి అక్కర్లేదన్న నానమ్మ మాట వల్ల ఆమె ఒక్క రోజు కూడా బడికి వెళ్లలేదు. అన్నదమ్ములు చదువుకుంటుంటే చూసి అక్షరాలు నేర్చుకుంది. ఆ ఉక్రోషంతో నేరుగా ‘బడికి వెళ్లని ఆశ’ అని ఒక పుస్తకం రాసి ఉండవచ్చు. 1964లో వచ్చిన ‘ప్రథమ ప్రతిశ్రుతి’లో ఆమె చేసింది వేరు. తన కంటే చాలా ముందు తరం నాటి సత్యవతి అనే పిల్లను సృష్టించి, చదువు కోసం పోరాటాన్ని ఆమె చేతిలో పెట్టింది. అక్కడి నుంచి కూతురు, మనవరాలు అంటూ మూడు నవలల దాకా నడిపింది. తన ఒక్కదాని నష్టాన్ని మూడు తరాల పొడవున పరిచి చూసింది. 1976లో ఆమెకు జ్ఞానపీఠం వచ్చింది. ఆ సత్యవతి ఆశాపూర్ణేనా? అడిగేవాళ్లకు ఏం జవాబు చెప్పగలం?

మన భాషలో పి. శ్రీదేవిని చూడండి. ఆమె డాక్టరు. 1961లో, ఇంకా చిన్న వయసులోనే పోయింది. విశాఖ వాతావరణంలో ‘కాలాతీత వ్యక్తులు’ రాసింది. వైద్యం చదివే పాత్ర నవలలో ఉంది, కానీ అరవై ఏళ్లు దాటినా పాఠకులు పేరు పెట్టి తలుచుకునేది ఇందిరను. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తూ, తనకు కావలసింది మొహమాటం లేకుండా అడిగే ఇందిరను. జీవిత వివరాలు దగ్గరగా ఉన్న పాత్రలోనే రచయిత్రి ప్రాణం ఉండాలన్న నియమం ఏమీ లేదని నేను విద్యార్థులకు ఎప్పుడూ ఈ ఉదాహరణే చెప్పేదాన్ని.

బాధపడేవాళ్ల గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మా అమ్మ బాధపడలేదు గానీ, నా మూడో నవల తర్వాత మా పెదనాన్న కొడుకు నాతో ఏడేళ్లు మాట్లాడలేదు. అందులో ఒక ఆస్తి పంపకం ఉంది. నేను వేరే ఇంటి సంగతి రాశాను, ఆయన తనదే అనుకున్నాడు. నేను ముందే వెళ్లి చెప్పి ఉంటే సరిపోయేది. అందుకే ఇప్పుడు అందరికీ చెబుతాను: అచ్చుకు వెళ్లే ముందు, బతికున్నవాళ్లలో అందరికంటే దగ్గరివాళ్లకు ఒక మాట చెప్పండి. అనుమతి అడగమని కాదు, పుస్తకం వచ్చాక వాళ్లు మూడో మనిషి నోట వినకూడదని. ఇక, ముందు పేజీలో పాత్రలన్నీ కల్పితం అని వేస్తే చాలనుకోకండి. చదివినవాళ్లు ఫలానా మనిషే అని గుర్తుపట్టేలా ఉండి, అతని పరువు తీసే అబద్ధం అందులో ఉంటే, ఆ ఒక్క వాక్యం పూర్తి రక్షణ కాదు. పరువు నష్టం సంగతి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఉంది. కక్షతో రాసిన పాత్ర చట్టానికి ముందు కళకే చెడుపు చేస్తుంది, ఎందుకంటే అది ఒక వైపే చూస్తుంది.

ఇంకో మాట. జరిగింది జరిగినట్టే లోకానికి తెలియాలన్నది మీ కోరిక అయితే, ఆ వరదలో మీ వీధికి ఏం జరిగిందో సాక్ష్యంగా నిలవాలనుకుంటే, నవల వద్దు. ఆత్మకథ రాయండి, పేర్లతో తేదీలతో రాయండి. అది చిన్న పని కాదు. మన వైపు ఆడవాళ్ల ఆత్మకథలు నేను చదవగలిగినవి చాలా తక్కువ, రావలసినవి ఎన్నో ఉన్నాయి. రెండింటినీ ఒకే పుస్తకంలో కుక్కితే మాత్రం నవల అనుకుని చదివినవాడికీ, నిజం అనుకుని చదివినవాడికీ కూడా అన్యాయం జరుగుతుంది.

ఇప్పుడు మీ నూట నలభై పేజీలు. మీరు పంపిన రెండు పేజీల సారాంశం చదివాను. అందులో తుంగభద్ర, హంద్రీ పొంగడం, నీళ్లు వీధిలోకి రావడం, మేడ మీద రాత్రి, తర్వాత ఇంట్లో బురద, ఆ తర్వాత నాన్న వెళ్లడం, ఈ వరుస ఉంది. వరద వల్ల ఇల్లు పోయింది, ఇల్లు పోవడం వల్ల నాన్న వెళ్లాడు, అని కథ తనంతట తాను ఒక కారణం చెప్పేసుకుంది. అది మీకు పదేళ్లప్పుడు పెద్దవాళ్లు చెప్పిన కారణం. మీరు నమ్ముతున్నారా? సారాంశం చివర మీరే ఒక వాక్యం రాసి, కొట్టేసినట్టు గీత పెట్టారు: వరద రాకపోయినా ఆయన వెళ్లేవారేమో. ఆ గీత తీసేయండి. మీ నవల అక్కడ ఉంది.

నేనైతే ఇలా చేసి చూస్తాను. ఇప్పటిదాకా రాసిన పేజీలను చింపకుండా, మార్చకుండా పక్కన పెడతాను. అవి మీ జ్ఞాపకాల సంచి, కావలసినప్పుడు చెయ్యి పెట్టి తీసుకోవడానికి ఉంటాయి. కొత్త నోటుబుక్కులో, వరద రాని 2009 అక్టోబరులో ఆ ఇల్లు ఎలా ఉండేదో ఒక అధ్యాయం రాస్తాను. అది అచ్చయ్యే అధ్యాయం కాకపోవచ్చు. కానీ నీళ్లు లేని ఇంట్లో ఆ భార్యాభర్తలు రాత్రి భోజనం దగ్గర ఏం మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకోలేదో మీకు తెలుస్తుంది. అది తెలిశాక ఒక్క మూల విషయం మార్చండి. వెళ్లిపోయింది తండ్రి కాక తల్లి అయితే? లేదా తండ్రి వెళ్లలేదు, ఆ ఇంట్లోనే ఇరవై ఏళ్లు ఉండిపోయాడు అయితే? ఏది మారిస్తే మీ చెయ్యి వణుకుతుందో దాన్ని ఎంచుకోండి.

మీ అమ్మగారితో కూర్చోండి. నాన్న ఎందుకు వెళ్లారని అడగవద్దు. ఆమె ఆ ప్రశ్నకు జవాబు తయారు చేసి పెట్టుకుని ఉంటారు, అదే చెబుతారు. నీళ్లు గడప దాటినప్పుడు అటక మీదికి అన్నిటికంటే ముందు ఏం ఎక్కించారో అడగండి. ఏం కింద వదిలేశారో కూడా అడగండి. ఆ వస్తువులు ఎవరివో రాసుకుని, మొదటి ముప్పై పేజీలు అయ్యాక నాకు పంపండి.